గళ్ళు గీసేదెవరు?

అమీర్‌పేట గురించి మనవాళ్ళు చెప్పుకునే కబుర్లకు లోటు లేదు. మైత్రీవనం ముందు కరపత్రాలు పంచే కుర్రవాళ్ళ మీద, గోడల మీద ఒకదానిపై ఒకటి అంటించిన కోర్సుల ప్రకటనల మీద సినిమాల్లో హాస్యం కూడా పండింది. కాని కబుర్లు చరిత్ర కావు. మూడు దశాబ్దాలుగా తెలుగు జిల్లాలన్నిటి నుంచి చదువుకున్న యువకులు, యువతులు అక్కడ దిగి ఏ పని నేర్చుకున్నారు? ఆ పని స్వభావం ఏమిటి? ఆ పనిని యంత్రమే చేయగలగడం ఎప్పటి నుంచి మొదలైంది? ఈ ప్రశ్నలు వేసుకోకుండానే మనం ఇవాళ కృత్రిమ మేధ గురించి గగ్గోలు పెడుతున్నాం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన రోజునే ప్రోగ్రాములు రాసేవాడి పొట్ట మీద మొదటి దెబ్బ పడినట్టు అభ్యుదయ మిత్రులు కొందరు రాస్తున్నారు. ఇది చరిత్ర విస్మరించిన మాట. అమీర్‌పేటలో నేర్పిన పనిలో ఒక పెద్ద భాగాన్ని, ఆ పేట శిక్షణ కేంద్రాలతో నిండక ముందే, యంత్రానికి అప్పజెప్పడం జరిగింది. అయినా పేట నిండింది. ఎందుకు నిండిందన్నదే అసలు ప్రశ్న.

నేను తెలుగు సాహిత్యం చదివి, అదే పాఠం చెప్పుకొంటున్న మనిషిని. ఈ విషయంలో వేలు పెట్టడం ఎందుకని అడిగేవారు వుండవచ్చు. మా తరగతుల్లో కూర్చున్న పిల్లలు పరీక్షలు కాగానే అమీర్‌పేట బస్సు ఎక్కుతారు. వాళ్ళు అక్కడ రాసుకున్న నోటు పుస్తకాలు కొన్ని నా చేతికి వచ్చాయి. పాఠాన్ని పాఠంగా చదవడం మన వృత్తి. ఆ నోటు పుస్తకాలను కూడా అట్లాగే చదివాను.

ముందు విషయం స్పష్టం చేసుకుందాం. బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, తహసీలు కార్యాలయంలోనో గుమాస్తా ముందున్న కంప్యూటరు తెర మీద ఒక ఫారం కనిపిస్తుంది. పేరుకొక గడి, పుట్టిన తేదీకొక గడి, మొత్తానికొక గడి, అడుగున ‘సేవ్’ అనే మీట. ఈ తెరను ఎవరో ఒక ప్రోగ్రామరు కూర్చుని గడి గడీ అమర్చి తయారుచేశాడని మనం అనుకుంటాం. చాలాచోట్ల అది నిజం కాదు. డేటా ఎట్లా వుంటుందో చెప్పే ఒక వర్ణన ముందుగా రాసిపెట్టి వుంటుంది. ఆ వర్ణనను ఒక ప్రోగ్రాము చదువుతుంది. చదివి, దానికి తగిన తెరను తానే గీస్తుంది. మనిషి తెరను గీయడు, వర్ణనను రాస్తాడు. వర్ణన మారితే తెర మారుతుంది. వర్ణనలో లేనిది తెర మీదికి రాదు. ఈ చివరి వాక్యాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. వ్యాసం చివర దాని అవసరం వున్నది.

ఉదాహరణ నోటు పుస్తకాల్లోనే వుంది. అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకున్నవారందరికీ ‘స్కాట్’, ‘టైగర్’ అనే రెండు మాటలు తెలుసు. అభ్యాసం కోసం సంస్థ ఇచ్చిన ఖాతా పేరు మొదటిది, దాని తాళపు మాట రెండవది. ఒరాకిల్ తొలి ఉద్యోగుల్లో ఒకడైన బ్రూస్ స్కాట్ పేరు, వాళ్ళింటి పిల్లి పేరు అట్లా చిరస్థాయి పొందినవి. ఆ ఖాతాలో ‘ఎంప్’ అనే పట్టిక వుంటుంది. ఎనిమిది కాలమ్‌లు: ఉద్యోగి సంఖ్య, పేరు, హోదా, పై అధికారి సంఖ్య, చేరిన తేదీ, జీతం, కమీషను, శాఖ సంఖ్య. అందులో పధ్నాలుగుమంది ఉద్యోగులు. కింగ్ అనే అధ్యక్షుడి జీతం 5,000. స్మిత్ అనే గుమాస్తా జీతం 800. ప్రతివాడి వరసలోనూ పై అధికారి సంఖ్య వుంటుంది, ఒక్క కింగ్ వరసలో తప్ప. ఖాళీ గడిని ఎట్లా వెతకాలో పిల్లలకు నేర్పడానికి ఆ ఖాళీయే ఉదాహరణ. లక్షలాది తెలుగు పిల్లలు ఆ పట్టిక మీద ప్రశ్నలు రాసి చేయి తిప్పుకున్నారు: అత్యధిక జీతం ఎవరిది, రెండవ అత్యధిక జీతం ఎవరిది, కమీషను ఎవరెవరికి వుంది. రాజుకు పై అధికారి ఎందుకు లేడన్నది సిలబసులో లేదు. ఒక సమాజం తన స్వరూపాన్ని ఎనిమిది కాలమ్‌లలో ఇంత నిజాయితీగా ఒప్పుకున్న పాఠ్యాంశం నేను మరొకటి చూడలేదు.

ఇప్పుడు ఈ పట్టిక వర్ణన చూడండి. పేరు అనే కాలమ్ అక్షరాలది, పొడవు పదికి మించరాదు. జీతం అంకె, రెండు దశాంశాలు. తేదీ తేదీయే. ఉద్యోగి సంఖ్య ఇద్దరికి ఒకటి కారాదు. శాఖ సంఖ్య వేరొక పట్టికలో, అంటే శాఖల పట్టికలో, వున్నదే అయివుండాలి. ఇంతే వర్ణన. దీన్ని చదివిన యంత్రం పేరుకు పది అక్షరాలు పట్టే గడి గీస్తుంది. తేదీ గడి పక్కన పంచాంగం పెడుతుంది. జీతం గడిలో అక్షరం కొడితే ఒప్పుకోదు. శాఖ గడి దగ్గర శాఖల జాబితా జారవిడుస్తుంది, అందులోంచే ఎన్నుకోవాలి. ఇంకా ముందుకు పోయి, పైన ఒక శాఖ, కింద ఆ శాఖలోని ఉద్యోగుల వరసలు వచ్చే జంట తెరను కూడా, రెండు పట్టికల సంబంధాన్ని బట్టి తానే కూర్చుతుంది. చేర్చడం, మార్చడం, కొట్టివేయడం, వెతకడం అన్నీ పనిచేస్తవి. మనిషి ఒక్క వాక్యం కూడా రాయనక్కర లేదు.

మనకు తెలిసిన శాస్త్రంలో దీనికి పోలిక వుంది. ఉత్పలమాలకు లక్షణం చెబితే, భ ర న భ భ ర వ గణాలు, ఇరవై అక్షరాలు, పదవ అక్షరం యతి, ప్రాసనియమం, ఆ లక్షణం నుంచి నాలుగు ఖాళీ పాదాలు గీయవచ్చు. గురువు పడవలసిన చోట లఘువు పడితే తప్పని చెప్పే యంత్రాన్ని కూడా చేయవచ్చు. పద్యం మాత్రం అందులోంచి రాదు. లక్షణ గ్రంథాల యుగంలో చాలామంది గడులు నింపి కవులమనుకున్నారు. అది వేరే వ్యాసం.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది? 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హొలెరిత్ మనుషుల వివరాలను కార్డుల మీద రంధ్రాలుగా మార్చినప్పుడే ఫారం యంత్రభాషలోకి ప్రవేశించింది. 1959లో ఐబియం కంపెనీ ఆర్‌పిజి అనే సాధనాన్ని విడుదల చేసింది. గళ్ళ కాగితాల మీద ఏ వివరం ఏ కాలమ్ నుంచి ఏ కాలమ్ వరకు వుందో నింపి ఇస్తే, నివేదిక ముద్రించే ప్రోగ్రామును ఆ సాధనమే తయారుచేసేది. అంటే ఈ పని వయస్సు ఆరు దశాబ్దాలు దాటింది.

ఈ ఆలోచన వెనుక వున్న ఒత్తిడి ఆర్థికమైనదే. 1960లలో యంత్రాల ధర తగ్గుతూ వచ్చింది, ప్రోగ్రాములు రాసే మనుషుల ఖర్చు పెరుగుతూ వచ్చింది. 1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యాన జరిగిన సమావేశంలో సాఫ్ట్‌వేర్ సంక్షోభం గురించి చర్చ జరిగింది. సైనిక కూటమి ఈ విషయానికి ఆతిథ్యమివ్వడం యాదృచ్ఛికం కాదు. అప్పటికి ప్రోగ్రామరు చేతిపనివాడు. అతని తలలో వున్న నేర్పు యజమానికి తెలియదు, అతను లేకపోతే పని సాగదు. అటువంటి నేర్పును పనివాడి తలలోంచి తీసి పద్ధతిలోనూ యంత్రంలోనూ పెట్టడం పెట్టుబడి స్వభావం. హారీ బ్రేవర్‌మన్ 1974లో రాసిన శ్రమ, గుత్త పెట్టుబడి గ్రంథం ఈ క్రమాన్ని సవిస్తరంగా విశ్లేషించింది. 1977లో ఫిలిప్ క్రాఫ్ట్ దాన్ని ప్రోగ్రామర్లకే అన్వయించి ఒక పుస్తకం రాశాడు. మన విద్యార్థి సంఘాల గ్రంథాలయాల్లో ఈ రెండూ వుండవలసినవి.

శాస్త్రపరంగా మలుపు 1970లో వచ్చింది. ఐబియంలో పనిచేస్తున్న ఆంగ్లేయుడు ఎడ్గర్ కాడ్, డేటానంతా పట్టికలుగా, పట్టికల మధ్య సంబంధాలుగా చెప్పవచ్చునని ఒక వ్యాసం ప్రకటించాడు. ఇందులో మనకు కావలసిన అంశం ఒకటే. పట్టికల వర్ణన కూడా పట్టికల్లోనే వుండాలని, మిగతా డేటాను చదివినట్టే దాన్నీ చదవగలగాలని 1985లో ఆయన చెప్పిన నియమాల్లో నాలుగవది. అంటే యంత్రానికి తన డేటా స్వరూపం తనకే తెలుసు. ఈ ఆత్మజ్ఞానం వచ్చిన తరువాత తెర గీయడం పెద్ద కష్టం కాదు. 1979లో ఒరాకిల్ పట్టికల సాఫ్ట్‌వేర్‌ను అమ్మకానికి పెట్టింది. 1980లలో దాని పక్కనే ఫారాలు తయారుచేసే సాధనమూ వచ్చింది. 1982లో జేమ్స్ మార్టిన్ అనే ప్రసిద్ధ సలహాదారు ప్రోగ్రామర్లు లేకుండానే అప్లికేషన్లు తయారుచేయడం గురించి ఒక పుస్తకం రాశాడు. పేరులోనే సంగతంతా వుంది. యాజమాన్యాలకు అంతకన్న తీపి కబురు ఇంకేముంటుంది?

ఇక హైదరాబాదుకు వద్దాం. ఈ నగరానికి కంప్యూటర్లు కొత్త కాదు. 1967లో ప్రభుత్వ రంగంలో ఇసిఐఎల్ ఇక్కడే స్థాపితమై కంప్యూటర్లను తయారుచేసింది. ఆ చరిత్ర స్వావలంబన చరిత్ర. అమీర్‌పేటది వేరు. 1990లలో ఆర్థిక సంస్కరణల తరువాత, అమెరికా కంపెనీలకు 2000 సంవత్సరపు తేదీల చిక్కు విప్పడానికి చౌక మనుషులు కావలసివచ్చినప్పుడు, ఈ పేట పెరిగింది. 1998 నవంబరు 22న వాజపేయి మాదాపూరులో హైటెక్ సిటీని ప్రారంభించాడు. పత్రికలు ఆ గాజు గోడల బొమ్మలు వేశాయి. ఆ గోడల లోపలికి పోవడానికి కావలసిన మనుషులను తయారుచేసే కర్మాగారం మాత్రం అమీర్‌పేటలో, మైత్రీవనంలో, ఆదిత్య ఎన్‌క్లేవ్ అంతస్తుల్లో, వాటి వెనుక సందుల్లో నడిచింది. శిక్షణ కేంద్రం, దాని కింద నోట్సు నకళ్ళు అమ్మే జిరాక్సు దుకాణం, పక్కన టిఫిన్ సెంటరు, ఎస్.ఆర్. నగర్ దాకా హాస్టళ్ళు, పంజగుట్ట, సోమాజిగూడ దారిలో మనుషులను విదేశాలకు పంపే కన్సల్టెన్సీలు. ఒక చిన్న ఆర్థిక వ్యవస్థ అది.

ఈ వ్యవస్థను శ్రద్ధగా చదివినవాడు ఒక చైనా మానవశాస్త్రజ్ఞుడు కావడం మనకు గర్వకారణం కాదు. షియాంగ్ బియావో 2000, 2001 సంవత్సరాల్లో హైదరాబాదులోనూ సిడ్నీలోనూ తిరిగి పరిశోధించి, 2007లో శరీరాల ఎగుమతి వ్యాపారం మీద పుస్తకం ప్రకటించాడు. ఆయన గమనించిన ముఖ్య విషయం ఇది. ఈ పరిశ్రమకు కావలసిన మనిషిని తయారుచేసే ఖర్చు పరిశ్రమ పెట్టదు. ఆ ఖర్చు కోస్తా జిల్లాల వ్యవసాయ మిగులు నుంచి, కుటుంబాల పొదుపు నుంచి, చివరకు వరకట్నం నుంచి వస్తుంది. అంటే కాలిఫోర్నియాలో ఒక కంపెనీకి చౌకగా దొరికిన ప్రోగ్రామరు వెనుక గుంటూరు జిల్లాలో ఒక పొలం, ఒక ఆడపిల్ల తండ్రి అప్పు వున్నవి.

ఇక్కడే నేను మొదట వేసిన ప్రశ్న తలెత్తుతుంది. 1990ల రెండవ సగంలో అమీర్‌పేటలో బాగా అమ్ముడుపోయిన కోర్సుల్లో ఒకటి ఒరాకిల్ డెవలపర్ 2000. పేటలో దాన్ని ‘డి2కె’ అనేవారు. అది ఏమిటి? పట్టిక వర్ణన నుంచి తెరలను తనంత తాను తయారుచేసే సాధనమే! ప్రోగ్రామరును తప్పించడానికి పుట్టిన యంత్రాన్ని, ప్రోగ్రామరు కావడానికి రుసుము కట్టిన పిల్లలకు నేర్పారు. ఆ రోజుల్లో డి2కె నేర్చుకున్న మా పూర్వవిద్యార్థి ఒకతను చెప్పాడు: మొదటి తరగతిలో మాస్టరు మీటలు నాలుగు నొక్కి ఎంప్ పట్టికకు తెర తయారుచేసి చూపాడట, అందరూ నోళ్ళు తెరిచారట. తరువాత, ‘దీనికి మీకు జీతం ఎవడూ ఇవ్వడు, ఇక్కడి నుంచి మొదలయ్యేదే పని’ అన్నాడట. ఆ మాస్టరు మంచి అర్థశాస్త్రవేత్త.

ఇక్కడి నుంచి మొదలయ్యే పని ఏమిటి? వర్ణనలో ఇమడని సంగతులు. జీతం అంకె అని వర్ణన చెబుతుంది. గుమాస్తా జీతం అధికారి జీతానికి మించరాదన్నది పట్టిక చెప్పదు. దరఖాస్తు ఆలస్యమైతే జరిమానా ఎంత, మినహాయింపు ఎవరికి, ఎవరి సంతకం అయితే తప్ప ముందుకు పోరాదు: ఇవన్నీ కార్యాలయపు లోకజ్ఞానం. వీటిని ‘ట్రిగ్గర్లు’ అనే చిన్న చిన్న ప్రోగ్రాములుగా రాసి తెరకు తగిలించాలి. యంత్రం గీసిన తెర ఒక నిమిషం పని. దానికి తగిలించే ట్రిగ్గర్లు ఆరు నెలల పని. వాటిని మారుస్తూ పోవడం ఇరవై యేళ్ళ పని. యంత్రం తుడిచిపెట్టింది మొదటి నిమిషాన్ని మాత్రమే.

దీనికి తోడు మార్క్స్ పెట్టుబడి మొదటి సంపుటంలో యంత్రాల గురించి చెబుతూ ఎత్తి చూపిన సంగతి ఒకటి వుంది. కూలి బాగా చౌకగా వున్నచోట యంత్రాన్ని కొనడం యజమానికి గిట్టదు. ఇంగ్లండులో కనిపెట్టిన యంత్రాలు కొన్ని ఇంగ్లండులో కాక అమెరికాలో వాడబడ్డాయి. అమీర్‌పేట దీనికి తలకిందులైన ఉదాహరణ. తెరలు తయారుచేసే యంత్రాలు అమెరికాలో పుట్టాయి. వాటిని పూర్తిగా వాడవలసిన ఒత్తిడి తగ్గించింది మన చౌకదనం. యంత్రం చేయగల తెరలను కూడా మనుషుల చేత, ఒక్కొక్కటి చేతితో, చేయించుకోవడం లాభసాటిగా వుండింది. కాబట్టి జేమ్స్ మార్టిన్ జోస్యం 1982 నుంచి వాయిదా పడుతూ వచ్చింది. ఆ జోస్యంలో తప్పు సాంకేతికమైనది కాదు. హైదరాబాదు ఆయన లెక్కలోకి రాలేదు, అంతే.

మిత్రులు కొందరు దీన్ని మనవాళ్ళ విజయంగా చెబుతారు. విజయమే కావచ్చును, కాని దాని షరతు చౌకదనం. ఆ షరతు ఇప్పుడు ఊడుతున్నది. గతంలో యంత్రానికి పట్టిక వర్ణన కావాలి. ఇప్పుడు మామూలు మాటల్లో చెప్పినా తెర గీస్తుంది, ట్రిగ్గర్లలో సులువైనవి కూడా రాస్తుంది. కొత్తగా చేరినవాడికి ఇచ్చే పని ఆ సులువైన భాగమే. 2001లో అమెరికాలో డాట్‌కాం కంపెనీలు కూలినప్పుడు, 2008 మాంద్యంలో, 2020 లాక్‌డౌనులో పేట ఖాళీ అయి మళ్ళీ నిండింది. ప్రతిసారీ కొత్త కోర్సు ఒకటి దొరికింది. ఇప్పుడు కరపత్రాల మీద కృత్రిమ మేధ కోర్సులే ఎక్కువ. పనిని మింగే యంత్రాన్నే పనిగా అమ్మడం డి2కె నాటి నుంచి వస్తున్న సంప్రదాయమే.

ఇక భాష సంగతి. ఇది తెలుగు చదివినవాళ్ళు అడగకపోతే ఎవరూ అడగరు. ఎంప్ పట్టికలో పేరు పొడవు పది అన్నాను. పది అంటే పది అక్షరాలని మన భావన. యంత్రం మామూలుగా లెక్కించేది బైట్లను. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. ఇవాళ అంతటా వాడుతున్న యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. ‘శ్రీ’ రాయాలంటే శకారం, పొల్లు, రేఫ, ఈత్వం, నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. అంటే స్మిత్, కింగ్ సుఖంగా పట్టిన గడిలో ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరం పట్టదు! శ్రీనివాసరావు సంగతి చెప్పనక్కర లేదు. వర్ణన రాసేవాడు పొడవును అక్షరాల్లో లెక్కించమని ఒక్క మాట చేరిస్తే ఈ చిక్కు తీరుతుంది. ఆ మాట చేర్చాలని తోచాలంటే అతని ఎదుట ఒక తెలుగు పేరు వుండాలి.

ఇంటిపేరుదీ ఇదే కథ. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు గీసి ఇస్తారు. మన ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ తరచు పొడి అక్షరంగా. విమానం టిక్కెట్టులో ఒకటి, పాస్‌పోర్టులో మరొకటి, పదో తరగతి పత్రంలో ఇంకొకటిగా మన పిల్లల పేర్లు చీలిపోవడానికి కారణం వాళ్ళ అజాగ్రత్త కాదు; పరాయి సమాజపు పేరును బట్టి గీసిన రెండు గళ్ళు. ఆడవాళ్ళ దరఖాస్తుల్లో తండ్రి లేక భర్త పేరు తప్పనిసరి గడిగా వుంటుంది. ఆ గడి నింపకపోతే తెర కదలదు. గుమాస్తాను నిలదీస్తే ‘సిస్టం తీసుకోవడం లేదు’ అంటాడు. ఒకప్పుడు పితృస్వామ్యాన్ని గుమాస్తా ముఖం చూసి తిట్టే వీలుండేది. ఇప్పుడు అది పట్టిక వర్ణనలో ‘ఖాళీ వుండరాదు’ అనే చిన్న నిబంధనగా దాగి కూర్చుంది.

ఈ సాధనాలే చెడ్డవని నేను అనడం లేదు. వర్ణన నుంచి తెర పుట్టడంలో ఒక ప్రజాస్వామిక లక్షణం కూడా వుంది. వర్ణన చిన్నది, చదవగలిగినది. వేల వరసల ప్రోగ్రామును పరిశీలించలేని మామూలు ఉద్యోగి కూడా కాలమ్‌ల జాబితాను పరిశీలించగలడు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న జాంగో అనే సాధనం అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు లారెన్స్ అనే చిన్న ఊరి దినపత్రికలో పుట్టింది. 2005లో దాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. వర్ణన ఇస్తే వార్తలు నింపే తెర తనంత తాను వచ్చే ఏర్పాటు అందులో వుంది. విలేఖరులు ఇది కావాలంటే అదే రోజు మార్చి ఇవ్వడానికి అది వీలు కలిగించింది. రిచర్డ్ పాసన్ 2004లో డబ్లిన్‌లో సమర్పించిన పరిశోధనా గ్రంథం కూడా ఈ దారిదే. తెరలను విడిగా గీయడం మానేసి, పింఛనుదారు, పింఛను, చెల్లింపు వంటి అసలు వస్తువులనే ఉద్యోగి ముందు పెట్టాలని ఆయన వాదన. అప్పుడు ఉద్యోగి తెర చెప్పిన వరస ప్రకారం మీటలు నొక్కే మనిషిగా మిగలక, సమస్యను పరిష్కరించే మనిషి అవుతాడు. ఐర్లండు సాంఘిక సంక్షేమ శాఖ ఆ పద్ధతిని అమలులో పెట్టింది.

నార్వే అనుభవం ఇంకా ముఖ్యం. సిములా అనే కంప్యూటరు భాషను సృష్టించినవారిలో ఒకడైన క్రిస్టెన్ నీగార్డ్ 1970ల మొదట్లో అక్కడి ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశాడు. కర్మాగారంలోకి కంప్యూటరు వ్యవస్థ వచ్చేముందు దాని వర్ణనను కార్మికులకు అర్థమయ్యే భాషలో చూపాలని, దాని మీద మాట్లాడే హక్కు సంఘానికి వుండాలని ఆ కృషి నుంచి ఒప్పందాలు వచ్చాయి. వాటిని డేటా ఒప్పందాలన్నారు. యంత్రాన్ని పగలగొట్టడం గాని, యంత్రానికి దండం పెట్టడం గాని కాకుండా మూడవ దారి వుందని ఆ సంఘం నిరూపించింది.

మన దగ్గర ఆ దారి లేకపోవడం వల్ల ఏం జరిగిందో భూమి లెక్కలు చెబుతాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం ప్రభుత్వాన్ని కదిలించిన ఫలితాల్లో 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం ఒకటి. దున్నేవాడికి రక్షిత కౌలుదారు అనే పేరు కాగితం మీదికి వచ్చింది. గ్రామ పహాణీలో పట్టాదారు పేరుతోపాటు అనుభవదారు పేరుకు వేరే కాలమ్ వుండేది. పట్వారీ ఆ కాలమ్‌లో ఎన్ని అక్రమాలు చేసినా, కాలమ్ అంటూ వుంది. అక్రమమని వాదించడానికి ఆ గడే ఆధారం. పల్లెల్లో ఎందరి కేసులు ఆ ఒక్క గడి మీద నడిచాయో వకీళ్ళను అడిగితే చెబుతారు.

2017లో భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది. 2020లో కొత్త పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. ధరణిలో అనుభవదారు కాలమ్ లేదు. ఆ తెర యంత్రం గీసిందా, మనిషి గీశాడా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పట్టికలో కాలమ్ లేకపోతే తెర మీద గడి వుండదు. గడి లేకపోతే నింపేవాడు లేడు. నింపనివాడు లెక్కలో లేడు. 2018లో మొదలైన రైతుబంధు డబ్బు ఎకరాల లెక్కన పట్టాదారు ఖాతాలోకి పోయింది, ఎండలో నిలబడ్డ కౌలు రైతుకు కాదు. శాసనసభలో చట్టం మీద చర్చ జరిగింది, పత్రికల్లో అవినీతి మీద చర్చ జరిగింది. కాలమ్‌ల జాబితా మీద ముందుగా గ్రామసభల్లో చర్చ జరగలేదు. భూస్వామి మనుషులు 1940లలో కర్రలతో చేసిన పనిని ఒక పట్టిక వర్ణన చప్పుడు లేకుండా చేసింది.

ఇందులో నాకు బాధ కలిగించే మరొక కోణం వుంది. ఇటువంటి తెరల మీద పనిచేసే ప్రోగ్రామర్లలో కౌలు రైతుల బిడ్డలు లేకపోరు. ఎంప్ పట్టిక మీద చేయి తిప్పుకుని, హాస్టలు బాకీలు కట్టి, పేట నుంచి బయటపడ్డవాళ్ళే వాళ్ళు కూడా. ఏ కాలమ్ వుండాలో నిర్ణయించే గదిలోకి వాళ్ళకు ప్రవేశం లేదు. పట్టిక నుంచి తెర ఎట్లా పుడుతుందో వాళ్ళకు నేర్పిన చదువు, పట్టిక ఎక్కడి నుంచి పుడుతుందో అడగడం నేర్పలేదు. ఆ లోపం శిక్షణ కేంద్రాలది మాత్రమే కాదు. డిగ్రీ కళాశాలల్లో మూడేళ్ళు వాళ్ళు మన ఎదుటే కూర్చున్నారు.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అనుభవదారు కాలమ్‌ను తిరిగి తెస్తామన్నది ఆ చట్టం తెచ్చినవారు చెప్పిన మాటల్లో ఒకటి. గడి గీయడం ఒక నిమిషం పని అని పైన చూశాం. ఆ గడిని నింపే అధికారం ఎవరిది, నోటి మాట కౌలుకు ఏ సాక్ష్యం చాలు, పట్టాదారు అభ్యంతరం చెబితే పేరు నిలుస్తుందా పోతుందా, ఖాళీగా వదిలితే తెర ముందుకు కదులుతుందా: ఇవి ట్రిగ్గర్లలో రాసే సంగతులు. రైతు సంఘాలు, కౌలుదార్ల సంఘాలు సచివాలయాన్ని అడగవలసినవి ఆ కాగితాలు, వాటి తెలుగు ప్రతులతో సహా. చదివి చెప్పగల పిల్లలు అమీర్‌పేట హాస్టళ్ళలో కావలసినంతమంది వున్నారు.